దొడ్డి మనదే, జింక మనదా?



దసరా సెలవులు అయిపోయి వచ్చినప్పటి నుంచి మన హాస్టల్లో ఒకే ప్రశ్న నలుగుతాంది. ఇంటి వెనకాల దొడ్లోకి జింక వస్తే పట్టుకోవచ్చా, పట్టుకోకూడదా? అన్నం తినేటప్పుడు ఇదే, పడుకునేటప్పుడు ఇదే. కొందరు పట్టుకోవచ్చు అన్నారు, కొందరు పోలీసులు వస్తారు అన్నారు. మా ఇంట్లో మాత్రం ఇది ఉత్త వాదన కాదు. అందుకే సోషల్ టీచరమ్మను అడిగి, లైబ్రరీలో చదివి ఇది రాస్తాన్నాను.

మా సుగాలి తండా హిందూపురం అవతల, కర్ణాటక గట్టుకు దగ్గరగా ఉంటుంది. గట్టు దాటితే మధుగిరి తాలూకాలో మైదనహళ్ళి దగ్గర జయమంగళి కృష్ణజింకల రక్షిత ప్రాంతం ఉంది. దాన్ని 2007లో ప్రకటించినారు. 798 ఎకరాలు. జింకలకు ఏది కర్ణాటక, ఏది ఆంధ్ర అని తెలుస్తుందా? పచ్చగా యాడ కనపడితే ఆడికి వస్తాయి. మన పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లే. ఆ వానకు వచ్చే పచ్చదనం మా శెనక్కాయ చేనే.

ఈ ఏడు మా నాయన అప్పు చేసి విత్తనం కొన్నాడు. మొలక బాగా వచ్చింది. నెల తిరక్కముందే జింకలు లేత కొసలన్నీ కొరికేసినాయి. మా యాడి పాత చీరలన్నీ చేను చుట్టూ కట్టింది. నాయన రాత్రిపూట డబ్బా కొట్టుకుంటా మేలుకున్నాడు. నాలుగు రోజులు బెదిరినాయి, ఐదో రోజు నుంచి ఆ చప్పుడుకు అలవాటు పడినాయి. ఒక తెల్లవారుజామున ఒకటి ఏకంగా ఇంటి వెనకాల దొడ్లోకే వచ్చి అనప తీగ తింటాంది. అప్పుడు మా మామ ఉచ్చు తీగ తెచ్చినాడు. టౌను నుంచి ఒకాయన వచ్చి "మాంసం ఇస్తే మంచి రేటు ఇస్తా" అని ఆశ పెట్టి పోయినాడంట. మా యాడి మామను ఆపి, నా పక్క తిరిగి, "పాపా, మన ఇంట్లో సదువుకున్నదానివి నువ్వే. ఇట్లా చేయొచ్చునో కూడదో కనుక్కొని చెప్పు. అంతవరకు తీగ కట్టనీయను" అనింది.

పట్టుకోవచ్చు అనేవాళ్ళు మూడు కారణాలు చెప్తారు. మన హాస్టల్లోనూ ఈ మూడే విన్నాను. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, "మన దొడ్లోకి వచ్చినాక అది మనదే గదమ్మే" అనేది. కాదు. మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991లో దాన్ని సవరించి వేటకు లైసెన్సులు ఇచ్చేది కూడా ఆపేసినారు. జింకను అడవిలో పట్టినా, చేన్లో పట్టినా, ఇంటి వెనకాల పట్టినా తప్పే. చంపితేనే వేట అనుకుంటాము గాని, ఉచ్చు పెట్టేది, తరిమేది, ఎర వేసేది, విషం పెట్టేది, చివరకు ప్రయత్నం చేసినా వేట కిందికే వస్తుంది. కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని వేటాడితే 3 నుంచి 7 సంవత్సరాల జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. కుక్కలు చంపినదో, హైవే మీద లారీ గుద్దినదో దొరికినా మనం ఇంటికి తెచ్చుకోకూడదు. అది ప్రభుత్వ సొత్తు. అట్లాంటిది చేతికి వస్తే 48 గంటల్లోపు పోలీసు స్టేషన్లో గానీ, అధికారం ఉన్న ఆఫీసరుకు గానీ చెప్పాల. ఒక్క మినహాయింపు ఉంది. జంతువు మన మీద పడితే ప్రాణం కాపాడుకునేదానికి మంచి మనసుతో చేసింది నేరం కాదు. అయితే అనప తీగ తినే జింక ఎవరి ప్రాణం తీస్తుంది?

అమెరికాలో ఇంటి వెనకాల కూడా జింకల్ని వేటాడతారని ఒక అక్క చెప్పింది. అది నిజమే. మన తెలుగువాళ్ళు చానామంది ఉండే న్యూజెర్సీ రాష్ట్రంలో ఇళ్ళ పక్కకు జింకలు మందలుగా వస్తాయి. అక్కడ వాటిని తినే తోడేళ్ళు లేకుండా పోయినాయి, జింకలు పెరిగిపోయినాయి, రోడ్ల మీద కార్లకు అడ్డం వస్తాయి. అందుకని వేటకు అనుమతి ఉంది. అయినా లైసెన్సు ఉండాల, వేట కాలంలోనే వేటాడాల. పక్క ఇంటివాళ్ళ అనుమతి లేకుంటే ఆ ఇంటికి విల్లుతోనైతే 150 అడుగులు, తుపాకీతోనైతే 450 అడుగులు దూరంలో ఉండాల. బడి ఆటస్థలానికైతే విల్లు పట్టుకున్నవాడు కూడా 450 అడుగులు దూరం ఉండాల్సిందే. అంటే దొడ్డి నాది, జింక నాది అని కొట్టేదానికి అక్కడా లేదు.

రెండో కారణం, "మన తాతలు వేటాడలేదా?" అనేది. వేటాడినారు. మా తాత కుక్కలను తీసుకొని పోయేవాడంట, దొరికినది తండా అంతా పంచుకునేవాళ్ళంట. ఇది చెప్పేదానికి నాకు సిగ్గు లేదు. జింకలు తక్కువైపోయింది మా తాతల కుక్కల వల్ల మాత్రమే కాదు. రాజులు చీతాలను పెంచి వాటితో కృష్ణజింకలను పట్టించేవాళ్ళు. దొరలు తుపాకులతో కాల్చినారు. ఆ చీతాలు కూడా మన దేశంలో లేకుండా పోయినాయని 1952లో ప్రకటించినారు. తప్పు అందరిదీ, చట్టం మాత్రం మనకేనా అని నాకు కోపం వచ్చింది. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం కూడా తేనె, చింతపండు వంటి వాటిమీద మనకు హక్కు ఇచ్చింది గాని వేట హక్కును వదిలేసింది. నికోబార్ దీవుల గిరిజనులకు మాత్రం 1967 నుంచి ఉన్న వేట హక్కును 1972 చట్టం అట్లే ఉంచింది.

అయితే చట్టం పెద్దవాళ్ళ జోలికి పోదు అనేది పూర్తిగా నిజం కాదు. 1998లో రాజస్థాన్‌లో జోధ్‌పూర్ దగ్గర కాంకాణి ఊర్లో కృష్ణజింకలను చంపినారని సినిమా హీరో సల్మాన్ ఖాన్ మీద కేసు పడింది. కేసు పెట్టించింది పెద్ద ఆఫీసర్లు కాదు, ఆ ఊరి బిష్ణోయ్ జనం. 2018 ఏప్రిల్ 5న కోర్టు ఆయనకు 5 సంవత్సరాల జైలు శిక్ష వేసింది. రెండు రోజులకే బెయిలు వచ్చింది, ఆయన అప్పీలు చేసుకున్నాడు. మా మామకైతే రెండు రోజులకు బెయిలు ఎవరు ఇప్పిస్తారు? మంచి రేటు ఇస్తానన్న టౌను ఆయన ఆ రోజు కనపడతాడా? ఉచ్చు కట్టిన చెయ్యే దొరుకుతుంది, మాంసం కొన్న చెయ్యి దొరకదు.

మూడో కారణమే నన్ను ఎక్కువ కష్టపెట్టింది. సెలవుల్లో నేను ఇదంతా ఇంట్లో చదివి చెప్తే మా మామ మెల్లగా, "జింకకు చట్టం ఉండాది. మన శెనక్కాయకు చట్టం లేదా పాపా?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. మా మామ అడిగిందాంట్లో న్యాయం ఉంది. నంద్యాల జిల్లా రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టినారు. అక్కడ కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల చేలల్లో పడినాయి. దాంతో రైతులకు అభయారణ్యం అంటేనే కోపం వచ్చింది. జింకను కాపాడాలంటే ముందు ఆ రైతుకు కోపం రాకుండా చూడాల. లేకుంటే కొందరు చేను చుట్టూ కరెంటు తీగ పెడతారు. అది జింకకే కాదు, రాత్రిపూట నీళ్ళు కట్టేదానికి పోయిన మనిషికి కూడా తగులుతుంది.

నాకు తోచింది ఇది. జింక మనది కాదు, సర్కారు కాపాడేది అంటే, అది తిన్న పంట లెక్క కూడా సర్కారుదే కావాల. అడవి జంతువులు పంట తింటే పరిహారం అడిగే వీలు ఉంది. అడిగేదానికి అర్జీ రాయాల. మా తండాలో అర్జీ రాసేవాళ్ళు లేరు. అందుకే సెలవులు అయిపోయే ముందు నేనే రాసినాను. సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, ఏ తేదీ నుంచి తిన్నాయి, ఎంత విత్తనం పోయింది, అన్నీ రాసినాను. నాయన వేలిముద్ర వేసినాడు. ఆఫీసులో తీసుకొని ముద్ర వేసి ఒక కాపీ ఇచ్చినారు. ఇప్పటికి జవాబు రాలేదు. మా మామ ఉచ్చు తీగ పారెయ్యలేదు, గోడకు తగిలించినాడు. "జవాబు వచ్చేదాకా చూస్తా" అన్నాడు. ఆ జవాబు తొందరగా రావాలని నేను రోజూ అనుకుంటాన్నాను.

ఆ అర్జీ కాపీని పెద్ద అక్షరాలతో ఎత్తి రాసి ఈ కాగితం పక్కనే అతికించినాను. పేరు, ఊరు, సర్వే నంబరు దగ్గర ఖాళీలు వదిలినాను. మీ ఇండ్లల్లో జింకలో, పందులో పంట తిని ఉంటే రాసుకోండి. దయచేసి కాగితం చింపుకొని పోవద్దు, మిగతావాళ్ళకు కూడా కావాల.

ఇట్లు,
మీ స్నేహితురాలు,
9వ తరగతి