మందు ఎక్కడ ఎక్కువైంది?

మందు అనగానే మీరనుకున్న మందు కాదు లెండి. మా మార్టూరు వైపు మందంటే పత్తికీ మిరపకీ కొట్టే పురుగుమందు. డల్లాస్‌లో మా బావ గరాజ్‌లో మందంటే తూటాలో పోసే మందు. తమాషా ఏంటంటే ఈ రెండోదానికి కూడా మూలం పత్తే. ఆమ్లాల్లో నానబెట్టిన దూది భగ్గున మండుతుందని 1846లో షోన్‌బైన్ అనే ఆయన ప్రకటించాడు. ఇప్పటి పొగరాని తూటా మందుకి అసలు సరుకు ఆ నైట్రోసెల్యులోజే. జిన్నింగ్ అయ్యాక పత్తి గింజకి అంటుకుని మిగిలే నూగు దానికి బాగా పనికొస్తుంది.

మా బావది పర్చూరు, ఇప్పుడు అమెరికా పౌరుడు. శనివారం వస్తే చాలు, పేలిన ఇత్తడి గుల్లల్ని మళ్ళీ సైజుకి తెచ్చి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు తూచి పోసి, మూతిలో బుల్లెట్ బిగిస్తాడు. హ్యాండ్‌లోడింగ్ అంటారు. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం. అక్కడ తప్పు కాదు గానీ, నాలాంటి హెచ్1బీ వాడు వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. కాబట్టి నాది దూరంగా కూర్చుని నోట్సు రాసే పని. అంటే క్యూఏ అన్నమాట.

కిందటి జూలైలో బావ 308 విన్‌చెస్టర్ రైఫిల్ మొరాయించింది. పేల్చాక బోల్టు పైకి లేవట్లేదు, అరచేత్తో కొట్టి తీయాల్సొచ్చింది. గుల్ల అడుగున ఇత్తడి మీద మెరుస్తున్న గీత, ప్రైమర్ అప్పడంలా చదునైపోయింది. ఇవన్నీ లోపల పీడనం హద్దు దాటిందనడానికి గుర్తులు. దీనికి తోడు, వంద గజాల్లో అంగుళంలో పడే గుళ్ళు మూడంగుళాలకి చెదిరిపోయాయి.

కారు టైర్లో మనం కొట్టించే గాలి 35 పీఎస్ఐ ఉంటుందేమో. ఈ తూటాకి అమెరికా ప్రమాణాల సంస్థ శామి పెట్టిన గరిష్ఠ హద్దు 62,000. అదంతా జరిగేది చెంపకి జానెడు దూరంలో. వెబ్‌సైట్ డౌన్ అయితే మేనేజర్ అరుస్తాడు, అంతే. ఇక్కడ పోయేది కన్ను.

బావ చెప్పిన మందు ఏంటో తెలుసా? "ఒరేయ్, మందు మారుద్దాం, బుల్లెట్ మారుద్దాం, ఇంకొంచెం లోపలికి దిగ్గొడదాం. ఏదో ఒకటి పనిచేస్తుంది." అచ్చం రిలీజ్ ముందురోజు రాత్రి మనం చేసే పనే!

"ముందు కాల్చడం ఆపు బావా," అన్నాను. "బాగున్నప్పటికీ ఇప్పటికీ ఏం మారింది?"

నోట్‌బుక్ తిరగేస్తే మూడు తేలాయి. చలికాలం పోయి ఎండాకాలం వచ్చింది. మందు అదే పేరుది గానీ కొత్త లాట్. గుల్లలు వేరే రకం, మిలిటరీవి. ముందు మిగిలిన నలభై తూటాలూ విప్పేశాడు. తర్వాత పాత గుల్లలు తీసి, కొత్త లాట్ మందునే మాన్యువల్లో రాసిన కనిష్ఠ మోతాదు నుంచి మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోయాడు. అదే జూలై ఎండ. పాత మోతాదు దాకా వచ్చినా బోల్టు వెన్నలా లేచింది, వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌లో అంకెలు కూడా ఫిబ్రవరి నాటివే. అంటే ఎండా కాదు, లాటూ కాదు. గుల్లలు తూచాడు. మిలిటరీవి బరువెక్కువ. బయటి కొలత ఒకటే, ఇత్తడి మందం, లోపల చోటు తక్కువ. అదే మందు ఇరుకు చోట కాలితే పీడనం పెరక్క ఏమవుతుంది?

కథ ఇక్కడితో అయిపోలేదండోయ్. పీడనం సర్దుకున్నా గుళ్ళు ఇంకా మూడంగుళాలే! చివరికి చూస్తే స్కోప్ కింద బిగించిన దిమ్మ స్క్రూ ఒకటి వదులైంది. బిగించాక పది గుళ్ళు కాల్చి చూశాడు. మూడు గుళ్ళు దగ్గరగా పడటానికి అదృష్టం చాలు, పదింటికి చాలదు.

ఒకే రోజు కనిపించినంత మాత్రాన రెండు రోగాలకి ఒకే కారణం ఉండాలని లేదు. అన్నీ ఒకేసారి మార్చి ఉంటే, తక్కువ మోతాదు వల్ల బోల్టు లేచేది, బావ నేరమంతా మందు మీద వేసేవాడు, ఆ బరువు గుల్లలు మళ్ళీ ఏదో ఒకరోజు నిండు మోతాదుతో చాంబర్లోకి వెళ్ళేవి. ఇంకోటి, ఇత్తడి మీద గుర్తు కనపడేసరికే పీడనం సాధారణంగా హద్దు దాటేసి ఉంటుంది. గుర్తు లేదు కాబట్టి క్షేమం అనుకోవడం, లాగ్‌లో ఎర్రర్ లేదు కాబట్టి కోడ్ కరెక్ట్ అనుకోవడం లాంటిదే.

ఇదంతా ఫోన్లో చెబితే మార్టూరులో ఉన్న మా బాబాయి నవ్వాడు. 2021లో మిరప మీద నల్ల తామరపురుగు పడ్డప్పుడు పూతంతా రాలిపోతుంటే ఆయన ఒకే ట్యాంకులో మూడు నాలుగు మందులు కలిపి కొట్టాడు. ఏది పనిచేసిందో, ఏది పురుగుని తినే మంచి పురుగుల్ని చంపిందో ఆయనకి ఈ రోజుకీ తెలీదు. "మీ బావ తుపాకీ పక్కన పెట్టి ఆలోచించుకున్నాడురా. నేను చేను ఎక్కడ పక్కన పెట్టను?" అన్నాడు.

నిజమే. ఒక్కొక్కటే మార్చి చూడమని చెప్పడం తేలిక. ఆపగలిగినవాడికే ఆ సుఖం. అప్పు తెచ్చి వేసిన పంట కళ్ళముందు పోతుంటే ప్రయోగాలు చేయమనడం నాకు న్యాయంగా అనిపించలేదు. అందుకని ఒక్కటే అడిగాను: "అన్నిట్లో కాదు బాబాయ్, ఈసారి రెండు సాళ్ళలో మాత్రం ఒక్క మందే కొట్టి, తేదీ రాసి పెట్టుకో."

పోయిన సీజన్లో రెండు సాళ్ళకి కర్రలు పాతి గుర్తు పెట్టాడట. బాబాయి ముందు ఒప్పుకోలేదు, పిన్నే పట్టుబట్టిందని తర్వాత తెలిసింది. తేదీలు కూడా పాల లెక్కల పుస్తకంలో ఆవిడే రాస్తోంది.