కేంద్రము కానరాని వృత్తము

అనకాపల్లి బెల్లమునకు పేరుపొందిన యూరు. ఇనుపయంత్రములు రాక పూర్వము ఈ ప్రాంతమున చెఱకుగానుగలను ఎద్దులు త్రిప్పెడివని పెద్దలు చెప్పుదురు. గానుగ నడుమ నుండును. దానికి బిగించిన దూలపు కొనను లాగుచు ఎద్దులు చుట్టు తిరుగును. దూలము పొడవు మారదు గనుక వాని అడుగుజాడ వృత్తమగును. వైశ్లేషిక రేఖాగణితమున వృత్తసమీకరణమును చూచి మాలో పలువురు వెఱచిరి గాని, అది చెప్పునది ఈ దూలపు సంగతియే.

ఎద్దు పాదము గానుగనుండి అడ్డముగా నున్న దూరమును ‘అ’ యనియు, నిలువుగా నున్న దూరమును ‘ని’ యనియు అనుకొందము. దూలము పొడవు 5 మూరలు. అడ్డుదూరమును నిలువుదూరమును భుజకోటులైనచో దూలమే కర్ణము. కర్ణవర్గము భుజకోటుల వర్గముల మొత్తమునకు సమానమని బౌధాయన శుల్బసూత్రములు ఏనాడో తెలిపినవి. కాబట్టి అ² + ని² = 25.

దీనిని వల్లించుటకంటె ప్రశ్నలడుగుట మాకు రుచించినది. అడ్డముగా 3, నిలువుగా 4 మూరలలో ఎద్దు నడచునా? 9, 16 కలిపిన 25, నడచును. అడ్డముగా 4, నిలువుగా 4 మూరలలో నిలిచిన బాలుని గతియేమి? 32 వచ్చినది, వాడు దారికి వెలుపల క్షేమముగా నున్నాడు. 2, 4 మూరలలో నున్నవానికి 20. వాడు లోపల చిక్కుకొన్నాడు!

గానుగకడ కేంద్రము కంటికి కానవచ్చును. కేంద్రమునకు పోవ వీలులేనిచో? మా యూరికి సమీపమున శంకరము గ్రామమందు బొజ్జన్నకొండ, లింగాలకొండ యను బౌద్ధక్షేత్రములు గలవు. 1906లో అలెగ్జాండర్ రే అను దొర బొజ్జన్నకొండను త్రవ్వించెను. అచ్చటి స్తూపములు పెక్కు కొండరాతినే మలచినవి. అడుగుభాగము గుండ్రము, లోపల నిండురాయి. నడుమ మేకు నాటి త్రాడు పట్టుట కల్ల.

ఇచటనే సమీకరణము అక్కఱకు వచ్చినది. కేంద్రమును మూలబిందువుగా గైకొనవలెనను నియమమేమియు లేదు. తిన్నని కఱ్ఱనొకదానిని రాతికి ఒక్కచోటనే ఆనునట్లు నేలపై నుంచుదుము, అది స్పర్శరేఖ. ఆనినచోటే మూలబిందువు. కఱ్ఱ వెంబడి దూరము ‘అ’. అచ్చటినుండి కఱ్ఱకు లంబముగా రాతివఱకు గల సందు ‘ని’. వ్యాసార్ధము 5 మూరలైనచో కేంద్రము ఆనినచోటికి సూటిగా 5 మూరల లోపల నుండును. అప్పుడు అ² + (ని − 5)² = 25. విప్పగా అ² + ని² = 10 ని. చూచుటకు వికారముగా నున్నను, ఇందలి 10 వ్యాసమే. వ్యాసము తెలియనప్పుడు, అ² + ని² మొత్తమును ‘ని’చే భాగించిన చాలును. కఱ్ఱవెంట 3 మూరలు పోగా సందు 1 మూర యున్నదనుకొందము: 9, 1 కలిపి 10. రాతిని చీల్చకయే దాని నడుమ ఎచటనో తెలిసినది! (ఈ అంకెలు లెక్క సుళువగుటకై మేము కల్పించినవి, స్తూపపు కొలతలు కావు.)

రేఖలను ఇట్లు సంఖ్యలతో బంధించు పద్ధతిని ఫ్రాన్సుదేశీయుడగు డెకార్టు 1637లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. త్రాడు చేరలేనిచోటికి సంఖ్య చేరునని ఆ గ్రంథము చదువనివారికిని ఈ కఱ్ఱ తెలుపగలదు.

కొలుచువారికి ఒక మాట. కఱ్ఱవెంట 1 మూర దూరముననే కొలిచినచో సందు మూరలో పదవవంతు మాత్రమే. వ్రేలెడు పొరపాటు వచ్చిన వ్యాసము తలక్రిందులగును. కావున వీలైనంత దూరము పోవలెను. మఱియు 4 మూరలకడ సందు 2 మూరలుండవలెను: 16, 4 కలిపి 20, దానిని 2చే భాగించిన మరల 10. రెండవ లెక్క మొదటిదానితో పొసగనిచో కొలత తప్పియుండును, లేదా ఎండకు వానకు రాయి అరిగి వృత్తత్వము కోల్పోయియుండును. ఏది నిజమో తేల్చుటకు కఱ్ఱను మఱియొకచోట ఆనించి, మరల కొలువవలసినదే.