సినిమా ఒకటే... చూసింది రెండు!

సినిమాకి టికెట్లు రెండు కొంటాం. ఒకే తెర, ఒకే ఏసీ, మధ్యలో ఒకే పాప్‌కార్న్ డబ్బా. తీరా ఆట అయిపోయి, పార్కింగ్‌లో బండి తీసేలోపే తేలిపోతుంది... నేను చూసిన సినిమా వేరు, మా ఆయన చూసిన సినిమా వేరు అని. మీ ఇంట్లో సంగతేమోగానీ మా ఇంట్లో పెళ్లయిన పదకొండేళ్ల నుంచీ ఇదే వరస.

ఆయన ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతారు. నేను ఇలా ఆదివారం పేజీలకి రాసుకుంటూ ఉంటాను. ఆయనకి దేనికైనా ఒక జవాబు కావాలి. నాకు దేని వెనకైనా ఓ కథ కావాలి. శనివారం రాత్రి పిల్లాడు నిద్రపోయాక మాకంటూ మిగిలేది రెండున్నర గంటలు. అందులో సినిమా చూడ్డానికి కొన్ని నిబంధనలు పెట్టుకున్నాం. ఒక వారం ఎంపిక ఆయనది, ఇంకో వారం నాది. మధ్యలో ఫోన్ ముట్టుకోకూడదు. నిద్రొస్తే నోటితో చెప్పి వెళ్లి పడుకోవాలి, గురకతో చెప్పకూడదు. మా అత్తగారికి మాత్రం ఏ నిబంధనా లేదు. ఆవిడ ఎప్పుడైనా వచ్చి కూర్చోవచ్చు, ఎప్పుడైనా లేచిపోవచ్చు.

గత కొంతకాలంగా అలా చూసినవాటిలో ఓ నాలుగింటి గురించి మీతో చెప్పాలనిపించింది. ఇవి సమీక్షలు కావు. కాబట్టి మార్కులు అడక్కండి. మార్కులు వేసే మనిషి పక్కగదిలో పేపర్లు దిద్దుకుంటున్నారు.

పాపం ఎవరు?

'సంక్రాంతికి వస్తున్నాం' 2025 జనవరిలో విడుదలైంది. దాన్ని మాత్రం ఇంట్లో కాదు, ఇంటిల్లిపాదీ హాలుకెళ్లి చూశాం. 'గోదారి గట్టు' పాట మొదలవగానే మా ఆయన నిటారుగా కూర్చున్నారు. కారణం రమణ గోగుల గొంతు. 'తమ్ముడు' (1999), 'బద్రి' (2000) పాటలు విని పెరిగిన కుర్రాడు ఒకడు ఆయనలో ఇంకా ఉన్నాడు. ఆ గొంతు వింటే వాడు బయటికొస్తాడు. మా అబ్బాయి వాళ్ల నాన్నని అంత వింతగా చూడ్డం నేనెప్పుడూ చూడలేదు.

కథ తెలిసిందే. పాత ప్రేయసి పని మీద పిలవడానికొస్తుంది. ఇల్లాలు భాగ్యం 'నేనూ వస్తా' అంటుంది. ఆ ఇద్దరి మధ్యా వెంకటేష్ నలిగిపోతాడు. హాలంతా ఒకటే నవ్వులు.

ఇంటర్వెల్‌లో సమోసా తింటూ ''పాపం వెంకటేష్'' అన్నారు మా ఆయన.

''పాపం భాగ్యం'' అన్నాన్నేను.

''ఆవిడకేం? హాయిగా అరుస్తోంది.''

''అరిస్తేగానీ ఎవరూ వినట్లేదు కాబట్టి.''

వెనక వరసలో ఎవరో పెద్దావిడ ''బాగా చెప్పావమ్మా'' అంది. మా ఆయన రెండో సమోసా తీసుకున్నారు.

ఐశ్వర్యా రాజేష్ ఆ పాత్రని ఎంత ఇష్టంగా చేసిందంటే, భాగ్యం కోపం చూస్తే నవ్వొస్తుందిగానీ భాగ్యం మీద నవ్వు రాదు. రెండింటికీ చాలా తేడా ఉంది. ఇంటికొచ్చాక ఇదే మాట అంటే మా ఆయన ఒప్పుకోలేదు. ''నవ్వు నవ్వే'' అన్నారు. అది లెక్కల మనిషి జవాబు!

సున్నాతో పేచీ

'35 చిన్న కథ కాదు' (2024) ఆయన ఎంపిక. పేరులో అంకె ఉంది కదా! తిరుపతిలో ఓ బస్సు కండక్టరు కుటుంబం. పెద్ద కొడుకు అరుణ్‌కి లెక్కలంటే పడదు. వాడికో సందేహం... సున్నాకి విలువే లేదంటారు, మరి అదే సున్నా ఒకటి పక్కన చేరితే తొమ్మిది కన్నా పెద్దది ఎలా అవుతుంది? మాస్టారికి ఆ ప్రశ్న నచ్చదు. పిల్లల్ని వాళ్లకొచ్చిన మార్కులతోనే పిలిచే ఆ మాస్టారి నోట ఈ పిల్లాడి పేరు 'జీరో' అయిపోతుంది.

మా ఆయన సినిమా ఆపేశారు. మధ్యలో ఆపకూడదని పట్టుబట్టింది ఆయనే! లేచి వెళ్లి కాగితం, పెన్ను తెచ్చారు. ''చూడు, పది అంటే ఒక పదుల కట్ట, విడిగా ఏమీ లేవు. ఆ 'ఏమీ లేవు' అని చెప్పడానికే సున్నా. అది అక్కడ నిలబడకపోతే ఒకటి ఏ స్థానంలో ఉందో తెలీదు. ఇంతే కదా... ఆ మాస్టారు రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చు.''

''చెప్పొచ్చు. చెప్పలేదు కదా... సినిమా అదే.''

నేను మాత్రం ఆ తల్లినే చూస్తూ కూర్చున్నాను. నివేదా థామస్ వేసిన సరస్వతి పదో తరగతి తప్పింది. కొడుకుని ముప్ఫై అయిదు మార్కులు దాటించడానికి మళ్లీ పుస్తకం ముందు కూర్చుంటుంది. తనకి రానిదాన్ని నేర్చుకుని మరీ పిల్లాడికి చెబుతుంది. పిల్లల హోంవర్కు దగ్గర రోజూ రాత్రి ఎనిమిదింటికి పరీక్ష రాసే తల్లులందరికీ ఆ కష్టం తెలుసు.

సినిమా అయ్యాక చాలాసేపు మాట్లాడని మనిషి, లైటు తీసేశాక నెమ్మదిగా అన్నారు... ''మా సెక్షన్లో ఒకడున్నాడు. రోజూ ఏదో ఒకటి అడుగుతాడు. తర్వాత చెప్తా కూర్చో అంటుంటాను.''

సోమవారం సాయంత్రం అడిగాను, చెప్పారా అని. ''చెప్పాను. పావుగంట పట్టింది. సిలబస్ పావుగంట వెనకబడింది'' అన్నారు. విసుగ్గా అన్నట్టే ఉందిగానీ మొహంలో విసుగు లేదు.

కథ ఎప్పుడు మొదలవుతుంది?

మలయాళం 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' (2021) నా వంతు. దర్శకుడు జియో బేబీ. నిమిషా సజయన్, సూరజ్ వెంజారమూడు భార్యాభర్తలు. సినిమా మొత్తమ్మీద వాళ్ల పేర్లేమిటో మనకు తెలీదు. నేపథ్య సంగీతం కూడా పెద్దగా లేదు. తరుగుతున్న చప్పుడు, రుబ్బుతున్న చప్పుడు, పోపు చిటపటలు, గిన్నెలు తోముతున్న చప్పుడు... అంతే.

కాసేపయ్యాక మా ఆయన అడిగారు. ''ఇందులో కథ ఎప్పుడు మొదలవుతుంది?''

''ఎప్పుడో మొదలైంది. ఇందాకట్నుంచీ కూరగాయలు తరుగుతోంది కదా!''

మా అత్తగారు మాత్రం కన్నార్పకుండా చూశారు. మలయాళం రాకపోయినా ఆవిడకేం ఇబ్బంది కాలేదు. వంటింటికి భాషేమిటి? అందులో మామగారికి అత్తగారు టూత్‌బ్రష్ తెచ్చి చేతికి అందిస్తుంది. ఆ సన్నివేశం రాగానే ''మీ మామగారికి నేను వేపపుల్ల విరిచి ఇచ్చేదాన్ని. ఆ తర్వాతే నా కాఫీ'' అన్నారు. నవ్వుతూనే అన్నారు. కానీ సోఫాలో మా ఇద్దరికీ నవ్వు రాలేదు.

సినిమాలో సింకు కింద గొట్టం కారుతూ ఉంటుంది. ప్లంబర్ని పిలవమని ఆ పిల్ల ఎన్నిసార్లు చెప్పినా మొగుడు మర్చిపోతుంటాడు. మా వాష్‌బేసిన్ కుళాయి అప్పటికి మూడు వారాలుగా కారుతోంది. ఆయన ఓసారి అటు చూశారు. నేను చూడనట్టు ఊరుకున్నాను. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికల్లా ప్లంబర్ వచ్చాడు. సినిమాకి ఇంత బలం ఉందని తెలిస్తే కుళాయి కారడం మొదలైన రోజే పెట్టేదాన్ని!

''మన ఇంట్లో అలా లేదు కదా'' అన్నారాయన ఆ మధ్యాహ్నం.

నిజమే, లేదు. పొద్దున్న ఆయన కుక్కర్ పెడతారు, కాఫీ కలుపుతారు. అయితే వండటం ఇద్దరిదీ అయినా, ఏం వండాలో ఆలోచించడం మాత్రం నా ఒక్కదానిదే. పెసరపప్పు అయిపోవచ్చిందన్న సంగతి ఆఫీసు మీటింగులో కూడా నా బుర్రలోనే తిరుగుతుంది. ఆ మాటే చెప్పాను.

''కనపడని పనిని ఎలా లెక్కపెట్టాలి?'' అని నిజంగానే అడిగారు.

ఇప్పుడు ఫ్రిజ్ మీద ఓ కాగితం ఉంది. మంగళ, శుక్రవారాలు ఏం వండాలో, అందుకేం తేవాలో అంతా ఆయన లెక్క. ఏ మంగళవారమైనా మా ఇంటికి రండి... బంగాళదుంప వేపుడు ఖాయం.

ఆ గడప

నాలుగోది 'సత్యం సుందరం' (2024). తమిళ 'మెయ్యళగన్'కి తెలుగు అనువాదం. '96' తీసిన ప్రేమ్‌కుమార్‌దే. మన 'జాను' (2020) ఆ '96'కి తెలుగు రూపమే. మనుషులు తీరిగ్గా కూర్చుని మాట్లాడుకునే సినిమాలు తీస్తాడాయన. ఎంత తీరికంటే, విడుదలైన కొద్దిరోజులకే దీన్నుంచి పద్దెనిమిది నిమిషాలకు పైగా కత్తిరించారు.

ఆస్తి తగాదాల్లో ఇల్లు పోగొట్టుకుని ఊరు విడిచిన కుటుంబం. రెండు దశాబ్దాలు దాటాక ఆ ఇంటి కొడుకు అరవింద్ స్వామి చెల్లెలి వరసయ్యే అమ్మాయి పెళ్లికి వెళ్తాడు. రాత్రికి రాత్రే తిరిగొచ్చేద్దామనే వెళ్తాడు. అక్కడ 'బావా' అంటూ అల్లుకుపోయే కార్తి తగులుతాడు. అతనెవరో, పేరేమిటో ఎంతకీ గుర్తురాదు. అడగాలంటే మొహమాటం. ఆ రాత్రంతా ఈ ఇద్దరి కబుర్లే.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. తెనాలి దగ్గర పల్లెటూళ్లో మామగారు కట్టిన ఇల్లుంది. ఆయన పోయి నాలుగేళ్లయింది. అత్తగారు మాతోపాటే హైదరాబాద్ వచ్చేశారు. ఇంటికి తాళం. కొంటామని ఒకరు వచ్చారు. ఆ డబ్బొస్తే ఇక్కడి ఫ్లాటు అప్పులో సగం తీరుతుంది. అమ్మేద్దామని నేను. 'చూద్దాం' అని ఆయన. కాగితాలు నెలల తరబడి బీరువాలోనే ఉన్నాయి.

సినిమా అయ్యేసరికి పన్నెండు దాటింది. ముగ్గురం కదలకుండా కూర్చున్నాం.

''ఎంత బావుంది కదా! ఇల్లు పోయినా అందులో మనుషులు దొరికారు'' అన్నాను.

''అది నువ్వు ఆదివారం పేజీలో రాసే మాట'' అన్నారు మా ఆయన. ''నాకు మొదట్లో ఆ పిల్లాడు ఇల్లు వదిలేసి వెళ్లడమే కనిపించింది. ఆ తర్వాత సినిమా నేను సరిగ్గా చూడలేదు. వాళ్లకి ఇల్లు పోయింది. మనది మనం అమ్ముకుంటున్నాం.''

నాలుగేళ్లలో ఆయన ఆ ఇంటి గురించి అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. పెద్దకర్మ అయిన మర్నాడు తలుపు దగ్గరికి లాగి తాళం వేసింది తనే అన్నారు. మళ్లీ ఆ గడప లోపల పడుకోలేదన్నారు. బ్యాంకు వడ్డీ ఎంత పెరుగుతోందో తనకీ తెలుసన్నారు. ''లెక్క ప్రకారం అమ్మాలి. నాకు లెక్క రాకపోవడం ఏమిటి?'' అన్నారు.

నేను నా మాట మార్చుకోలేదు. తాళం వేసిన ఇంటికి చెదలు తప్ప ఇంకెవరూ కాపలా ఉండరన్నాను. గొంతులు కాస్త పెరిగాయి కూడా.

అప్పటిదాకా ఊరుకున్న అత్తగారు ''నన్నెవరైనా అడిగారా?'' అన్నారు.

ఇద్దరం ఆగిపోయాం.

''అమ్మేసుకోండి. నేనేం వద్దనను. కానీ దానికంటే ముందు నన్నోసారి తీసుకెళ్లండి. రెండు రాత్రులు పడుకుని వస్తాను. ఉత్తరం గదిలో మీ నాన్న గడియారం ఉంది. అది ఎవరికో వదిలేసి రాలేను'' అన్నారు. లేచి వెళ్లి పడుకున్నారు.

తెరమీద పేర్లు ఎప్పుడో అయిపోయాయి. మేమిద్దరం ఇంకో గంట కూర్చున్నాం. ఆ గంటలో సినిమా గురించి ఒక్క మాటా రాలేదు. అమ్మాలా, ఉంచాలా అన్నది తేలలేదు. ఎప్పుడు వెళ్దాం అన్నది మాత్రం తేలింది. ''సంతకం సంగతి అక్కడి నుంచి వచ్చాక మాట్లాడుకుందాం'' అన్నారాయన. పాత 'చూద్దాం'కీ, దీనికీ తేడా ఉంది.

వచ్చే శనివారం మా ఇంట్లో సినిమా లేదు. ముగ్గురం, పిల్లాడితో కలిసి ఊరెళ్తున్నాం. ఇంట్లో కరెంటు ఉందో లేదో, మోటారు పనిచేస్తుందో లేదో కనుక్కోమని మా ఆయన ఎవరికో ఫోన్ చేస్తున్నారు. నేను దుప్పట్లు లెక్కపెడుతున్నాను. మా అత్తగారు మాత్రం అప్పుడే దోమతెర సర్దేశారు.