పిన్నిగారూ, నిన్న ఏం తిన్నారు?

పిన్నిగారూ, ఒక్క నిమిషం ఇలా ఫెన్సు దగ్గరికి రండి. క్లినిక్కు వాళ్లిచ్చిన తిండి ఫారం మీ అబ్బాయే నింపేశాడటగా. "అమ్మ మితంగానే తింటుంది, అంతా ఇంటి వంటే" అనుకుని టిక్కులు పెట్టేశాడట. ఇంకా పంపించకపోతే ఆపమనండి. మనిద్దరం కూర్చుని మళ్లీ నింపుదాం.

అబ్బాయి బంగారం, కాదనను. కానీ మీరేం తింటారో అతనికెలా తెలుస్తుంది? అందరి భోజనాలూ అయ్యాక కదా మీరు కంచం పెట్టుకునేది. వేపుడు మూకుడులో అడుగంటిన నూనె, ముక్కలు పారేయడం ఇష్టంలేక అందులోనే అన్నం కలుపుకుంటారు. మనవడు వదిలేసిన సగం దోసె, ఉప్పు చూడ్డానికి నోట్లో వేసుకున్న కూర, తెనాలిలో మీవాళ్లతో ఫోను మాట్లాడుతూ నమిలిన జంతికలు... ఇవేవీ తిండి కింద మీరే లెక్కెయ్యరు. ఇక అతనేం వేస్తాడు?

ఆ ఫారం నడిచే తీరు చెబుతా వినండి. ఒక పదార్థం ఎన్నాళ్లకోసారి తింటారు, తింటే ఎంత తింటారు అని అడుగుతారు. ఆ రెండూ హెచ్చవేసి, అందులో ఉండే పోషకాల పట్టికతో కలిపి, మీకు రోజుకి ఇంత కొవ్వు, ఇంత ఉప్పు, ఇంత పీచు అందుతోందని తేలుస్తారు. జాబితాలో లేనిది మీరు తిననట్టే. ఇక్కడ అమెరికాలో బాగా పేరున్న ఫారం ఒకటి హార్వర్డ్‌లో వాల్టర్ విల్లెట్ గారి బృందం తయారుచేసింది. నర్సుల ఆరోగ్యం మీద 1976లో మొదలైన అధ్యయనంలో ఆ తిండి ప్రశ్నలు 1980లో చేరాయి. ఆ నర్సులు తినే హాంబర్గరూ పీనట్ బటరూ ఉంటాయి, సరే. మన గోంగూర పచ్చడి, పప్పుచారు, కందిపొడి అందులో ఎక్కడని వెతుకుతాం? వాటి దినుసుల్లో ఏముందో ఎవరూ చూడలేదనీ కాదు. హైదరాబాదులో మన జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 పదార్థాలకు విలువలు కట్టి అచ్చేసింది, గోగాకుతో సహా.

మనవాళ్ల కోసం ప్రత్యేకంగా చేసినవీ ఉన్నాయండోయ్. మన శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలోనూ షికాగోలోనూ 2010లో 'మసాలా' అని ఒక అధ్యయనం మొదలుపెట్టారు. మొదటి విడతలో 906 మంది దక్షిణాసియావాళ్లు చేరారు. కెనడాలో మనలాంటివాళ్ల కోసం తయారైన ప్రశ్నావళినే అందులో వాడారు. వేయించిన చిరుతిళ్లు, మిఠాయిలు, కొవ్వు తీయని పాల పదార్థాలు ఎక్కువగా తినేవాళ్ల ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యడంలేదని దానివల్లే బయటపడింది. అది ఎంత పనికొచ్చే సంగతో చూడండి! మనవాళ్లకి బక్కపల్చగా ఉన్నా షుగరొస్తుందే, అలాంటి జాతికి ఈ లెక్కలు కావాలి. కాకపోతే అందులో చేరాలంటే ఇంగ్లీషో హిందీయో ఉర్దూయో రావాలన్నారు. తెలుగొక్కటే వచ్చిన అమ్మలు ఆ 906 మందిలో లేరన్నమాట. నాకు అక్కడే కడుపు తరుక్కుపోతుంది. కొడుకు దగ్గరికి, కూతురి దగ్గరికి వచ్చి, ఇంటిల్లిపాదికీ వండిపెట్టే మీలాంటివాళ్లు లెక్కకే రాకపోతే ఎలా?

అందుకే ఉన్నదున్నట్టు చెబుదాం. అన్నం అర కప్పా, కప్పా అని ఉంటుంది. మీరు కప్పుతో ఎప్పుడు పెట్టుకున్నారు గనక? మీ అన్నం హస్తం తీసుకురండి, నా కొలత కప్పులోకి ఓసారి వేసి చూద్దాం. నాకైతే మీ రెండు హస్తాలు కప్పు దాటతాయనే అనిపిస్తోంది. నూనె ఎంతంటే ఏ కూరకెంతో చెప్పలేం. నెలకి ఎన్ని లీటర్లు కొంటున్నారు, ఎంతమంది తింటున్నారు, అది చాలు. ఆవకాయ ముద్దలో వేసుకునే నూనె, నెయ్యి విడిగా రాయాలి. కాఫీ ఎన్నిసార్లో, ఒక్కోదానికి ఎన్ని చెంచాల పంచదారో కూడా. మామిడిపళ్లు ఏడాదంతా తినం, ఆ రెండు నెలలూ రోజూ తింటాం, అదీ చెప్పాలి.

సిగ్గుపడి తగ్గించకండి. అలా తగ్గించి చెప్పేది మీరొక్కరే కాదు. ఒంట్లో ఎంత శక్తి ఖర్చవుతోందో కనిపెట్టడానికి ప్రత్యేకమైన నీళ్లు తాగించి, మూత్రం పరీక్షచేసి చూసే పద్ధతి ఉంది. దానితో పోల్చిన చాలా అధ్యయనాల్లో తెల్లవాళ్లయినా ఎవరయినా తిన్నదానికన్నా తక్కువే చెప్పారని తేలింది. డాక్టరు కోప్పడతాడని మీరు నాలుగు జంతికలు దాచారనుకోండి, ఆయన మందు రాసేది ఆ దాచిన లెక్క చూసి.

ఇంకోటి, క్లినిక్కు వాళ్లు ఫోనుచేసి "నిన్న పొద్దుటి నుంచి ఏం తిన్నారు" అని కూడా అడుగుతారట. తెలుగు మాట్లాడే మనిషిని పెట్టమని ముందే గట్టిగా అడగండి, మొహమాటపడకండి. దొరక్కపోతే నన్ను పిలవండి, ఉన్న మాట ఉన్నట్టు ఇంగ్లీషులో చెబుతాను. వాళ్లు అడిగిన "నిన్న" మీరు ఉపవాసముండే శనివారమైతే "ఉపవాసం, ఏమీ తినలేదు" అని పెట్టెయ్యకండి. పొద్దున పాలు, మధ్యాహ్నం అరటిపళ్లు, రాత్రి ఆ నాలుగు ఇడ్లీలు, కారప్పొడిలో నెయ్యి, అన్నీ చెప్పండి.