పందిరి మీద కీర.. మట్టిలో మిశ్రీకంద్!

సికింద్రాబాద్ నుంచి బోయిన్‌పల్లి, కొంపల్లి దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరానికి వెళ్తే మేడ్చల్ వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే అత్వెల్లి. ఒకప్పుడు ఈ దారికి అటూ ఇటూ, శామీర్‌పేట వైపు కూడా ద్రాక్ష పందిళ్లు ఉండేవి. వాటి చోట ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు, గోదాములు! అయినా ఇళ్ల వెనక పెరళ్లలో పందిళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి ఓ పెరట్లోనే ఈ రెండు తీగలూ పక్కపక్కన కనిపించాయి. ఒకటి అందరికీ తెలిసిన కీర దోస. రెండోది?

‘అది చిక్కుడు కాదు బిడ్డా... గడ్డ’ అంటూ నవ్వింది ఆ ఇంటి పెద్దావిడ. వాళ్లింట్లో అద్దెకున్న బిహార్ కుర్రాడు సొంతూరి నుంచి గుప్పెడు గింజలు తెచ్చిచ్చాడట. అక్కడ దాని పేరు మిశ్రీకంద్. బెంగాలీలు శాంక్ ఆలూ అంటారు, సరస్వతీ పూజకు ప్రసాదంగా పెడతారు. పుట్టిల్లు మాత్రం మెక్సికో, మధ్య అమెరికా. అక్కడివాళ్లు జికామా అంటారు. తొక్క ఒలిస్తే తెల్లగా, కరకరలాడుతూ, కాస్త తియ్యగా ఉంటుంది.

నేల ఒకటే, తీరు వేరు

ఇక్కడిది ఎర్ర చెల్క. కొంచెం తవ్వితే మొరం తగులుతుంది. కీరకు దాంతో పేచీ లేదు. దాని వేళ్లు పైపైనే పాకుతాయి కాబట్టి మాగిన పశువుల ఎరువు కలిపితే చాలు. జికామాకు అలా కాదు, గడ్డ ఊరాలంటే కింద మెత్తని చోటు కావాలి. మొదటి ఏడాది మొరం తగిలి గడ్డలన్నీ వంకరపోయాయట. రెండో ఏడు ఇసుక, ఎరువు కలిపి అడుగున్నర ఎత్తు మడి కట్టారు. ఎరువు మరీ ఎక్కువైతే ఆకే పెరుగుతుంది. చిక్కుడు జాతి కదా, వేళ్లలోని బుడిపెల సాయంతో గాలిలోని నత్రజనిని తనే సమకూర్చుకుంటుంది.

మరి నీళ్లో? ‘కీరకు ఒక్కరోజు పొయ్యకుంటే మొఖం వేలాడేస్తది’ అంటుందావిడ. నీటి ఎద్దడి తగిలితే కాయ చేదెక్కుతుంది కూడా. జికామా కాస్త ఎండకు ఓర్చుకుంటుంది. కానీ మొదట్లో నీళ్లు నిలిస్తే గడ్డ కుళ్లిపోతుంది.

తొందర.. నిదానం

విత్తిన యాభై రోజులకల్లా కీర కోతకొస్తుంది. ఎండాకాలానికి ముందు ఒకసారి, తొలకరికి ఇంకోసారి వేసుకోవచ్చు. జికామాను తొలకరికి వేస్తే సంక్రాంతి దాకా ఆగాల్సిందే! పగలు తగ్గుతున్నకొద్దీ గడ్డ ఊరుతుంది. మన దగ్గర జూన్‌లో పగలు 13 గంటలుంటే డిసెంబరులో 11 గంటలే. ఆ తేడాను తీగ పసిగడుతుందన్నమాట.

పూల సంగతిలోనూ రెండూ రెండు దారులే. కీరలో మగపూలు, ఆడపూలు వేరువేరు. తేనెటీగ వాలితేనే చాలా రకాల్లో కాయ నిలుస్తుంది కాబట్టి పూత మీద మందు చల్లకూడదు. జికామాకైతే పూత కనిపించగానే తుంచేయాలి. లేదంటే గడ్డకు చేరాల్సిన బలమంతా కాయలకు పోతుంది.

అమ్మో.. ఆ కాయలు!

తుంచడానికి అంతకన్నా పెద్ద కారణమే ఉంది. కిందటేడు విత్తనానికని ఒక తీగను వదిలేశారు. ఓ రోజు మనవడు దోసిట్లో కాయలు పట్టుకుని ‘నానమ్మా, చిక్కుడుకాయలు!’ అంటూ వంటింట్లోకి వచ్చాడు. ఆవిడ గుండె గుభేల్మంది. చిక్కుడులా కనిపించే ఆ కాయల్లోని గింజలు విషం. ఆకుల్లోనూ విషముంది. పురుగుల మందుగా, చేపలు పట్టడానికి వాడిన రోటెనోన్ అనే పదార్థం ఈ మొక్కలోనూ ఉంటుంది. తినాల్సింది గడ్డ ఒక్కటే! అద్దెకున్న కుర్రాడు ఆ మాట ముందే చెప్పి ఉండబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే తీగ పీకేశారు. ఇప్పుడు ఒక్క పూత కూడా ఉంచడం లేదు, విత్తనం బిహార్ నుంచే తెప్పించుకుంటున్నారు.

చిన్నపిల్లలున్న ఇంట్లో, మేడ మీద కుండీలే దిక్కయిన చోట కీరే మేలు. పెరడు, ఓపిక, రోజూ పూత తుంచే చెయ్యి ఉంటే జికామా వేసుకోవచ్చు. సంక్రాంతికి తవ్వి, ముక్కల మీద ఉప్పూకారం చల్లి నిమ్మకాయ పిండుకు తింటుంటే...

‘ఆర్నెల్లు ఎదురుచూసినందుకు దక్కింది బిడ్డా’ అంటూ నా చేతిలోనూ ఓ ముక్క పెట్టిందావిడ!