కుండీలో ఇమడని జమ్మి

గల్ఫులో తెలుగువాళ్ళ ఇల్లు కనిపెట్టడానికి తలుపు మీద పేరు చూడక్కర్లేదు. బాల్కనీ చూస్తే చాలు. ఓ కరివేపాకు, ఓ తులసి, పెరుగు డబ్బాలో పుదీనా, అదృష్టం బాగుంటే పెయింటు డబ్బాలో గోంగూర. అన్నీ కుండీల్లోనే. ఏ ప్రాజెక్టు ఎప్పుడు అయిపోతుందో, వీసా ఏమవుతుందో ఎవరికి తెలుసు? సామాన్ల బండిలో ఎక్కించగలిగినంతే మన తోట.

మేముండేది కల్బాలో. షార్జా ఎమిరేట్‌లోదే గానీ షార్జా నగరం నుంచి సుమారు వంద కిలోమీటర్లు, హజర్ కొండలు దాటి, ఒమన్ సింధుశాఖ ఒడ్డున ఉంటుంది. మా క్లయింటు పక్కనే ఉన్న ఫుజైరాలో. దుబాయిలో రెండు గదుల ఫ్లాటుకిచ్చే అద్దెలో ఇక్కడ పెరడున్న పాత ఇల్లే దొరికింది. పెరడు అంటే కోనసీమ ఊహించుకోకండి. ఇసుక, గులకరాళ్ళు, ఉప్పు గాలి, అంతే.

ఇక్కడ తోట వేసేవాళ్ళు మొదట క్యాలెండర్ తిరగేసుకోవాలి. మనకి జూన్‌లో మృగశిర కార్తె, తొలకరి, విత్తనాలు. ఇక్కడ జూన్‌లో విత్తనం వేస్తే వేపుడవుతుంది. ఆగస్టు 24 ప్రాంతంలో తెల్లవారుజామున దక్షిణాన సుహైల్ చుక్క కనిపిస్తే ఎండ విరగడం మొదలైనట్టని ఈ దేశపు పెద్దవాళ్ళ లెక్క. ఆ సుహైల్ మరెవరో కాదు, మన అగస్త్యుడే! సెప్టెంబరు చివర్లో గోంగూర, బెండ, దోస వేస్తే ఏప్రిల్ దాకా తినొచ్చు. (ఊరినుంచి ఏమైనా తెచ్చుకునేవాళ్ళకి ఓ మాట. గసగసాలు మాత్రం పొరపాటున కూడా తేకండి. ఇక్కడ నిషేధం. మసాలా పొట్లం కోసం జైలు చూసినవాళ్ళున్నారు.)

మొదటి రెండేళ్ళు నా ధ్యాసంతా ఊరి మొక్కల మీదే. కరివేపాకుకి గోనెపట్టా పందిరి, చిక్కుడుకి నీడ వల... ఐసీయూలో పేషెంటుకి చేసినంత సేవ. నీళ్ళ బిల్లు చూసి మా ఆవిడ ఓ రోజు లెక్క కట్టింది. బజార్లో కట్ట కొంటే దిర్హముకో రెండు దిర్హములకో వచ్చే గోంగూర మాకు దాదాపు వెండి ధర పడుతోందట :)

మరి ఏ సేవా లేకుండా ఇక్కడ బతికే చెట్లేమిటని చూడటం మొదలుపెడితే, అన్నీ మన చుట్టాలే. హజర్ కొండల్లో 'షూ' అనే చెట్టుంది, మునగకి దాయాది. సిద్ర్ మన రేగు జాతిదే, దాని తేనెకి ఇక్కడ ఎంత గిరాకీ అంటే సీసా ధర చెబితే మీరు నమ్మరు. జిల్లేడు సరే సరి, ఖాళీ స్థలం ఉంటే చాలు. ఊరి దక్షిణాన ఖోర్ కల్బా మడ అడవి ఉంది. 2013లో రామ్సార్ చిత్తడి నేలల జాబితాలోకెక్కింది. అందులోని మడ జాతి కాకినాడ దగ్గర కోరింగలోనూ ఉంది. ఉప్పునీళ్ళు తాగి, ఉప్పుని ఆకుల మీదకి చెమటలా వదిలేస్తుంది. అక్కడ తిరిగే లకుముకిపిట్ట ఉపజాతికి శాస్త్రవేత్తలు మా ఊరి పేరే పెట్టారు. అయితే మడని పెరట్లో పెంచలేం కదా.

2021 దసరా శుక్రవారం పడింది. అప్పటికింకా ఇక్కడ సెలవు శుక్ర, శనివారాలే. అమ్మ విజిట్ వీసా మీద వచ్చి ఉంది. షార్జాలో స్నేహితుల ఇంట్లో పూజ చూసుకుని వెనక్కొస్తుంటే, మలీహా దాటాక గులకరాళ్ళ మైదానంలో ఒంటరిగా ఓ చెట్టు. అమ్మ కారు అద్దం దించి, "ఆపురా, గది జమ్మి గాదు?" అంది. "దాన్ని గాఫ్ అంటారమ్మా" అన్నాను. "నువ్వేమన్న అనుకో. జమ్మి నాకు తెల్వదా?" అని దిగి వెళ్ళిపోయింది. చెట్టు చుట్టూ తిరిగి, రాలిన ఆకు గుప్పెడు ఏరుకుని కొంగున కట్టింది. మాది జగిత్యాల వైపు. దసరా సాయంత్రం జమ్మి ఆకుని బంగారమని చేతిలో పెట్టి పెద్దవాళ్ళ కాళ్ళు మొక్కడం మాకు పండగలో సగం. పైగా ఆ రోజే కరెంటు తీగ మీద పాలపిట్ట కూడా కనిపించింది! ఆ పిట్ట ఇక్కడ మామూలే గానీ అమ్మకి ఆ సంగతి నేను చెప్పలేదు.

అమ్మ అన్నది అక్షరాలా నిజం. గాఫ్, జమ్మి ఒకటే చెట్టు. 2008లో ఈ దేశం దాన్ని జాతీయ వృక్షం చేసింది. 2014లో తెలంగాణ జమ్మిని రాష్ట్ర వృక్షం, పాలపిట్టని రాష్ట్ర పక్షి చేసుకుంది. సర్కారు తుమ్మతో పోల్చుకుని పొరబడేవాళ్ళు ఉన్నారు (ఇక్కడా ఉందది, పచ్చదనం కోసమని తెచ్చి పెడితే ఇప్పుడు వదలడం లేదు). గుర్తు చాలా తేలిక. సర్కారు తుమ్మకి ముళ్ళు కణుపు దగ్గర జంటగా ఉంటాయి. జమ్మికి కణుపుల మధ్య కాడ మీద అక్కడొకటి అక్కడొకటి చిన్నవి.

మర్నాడే నర్సరీకి వెళ్ళాం. సంచీలో జానెడు మొక్క. అక్కడ పనిచేసే కుర్రాడిది రాజస్థాన్, బాడ్మేర్. "ఇది మా ఖేజ్డీ సాబ్" అని మొహం వెలిగిపోయింది. ఆ చెట్ల కోసం 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చిన కథ అతనే చెప్పాడు. డబ్బులిచ్చి పెద్ద కుండీ కూడా ఇమ్మంటే నవ్వాడు. "కుండీలో ఉండదు సాబ్. పైన జానెడు పెరిగేలోపు కింద మూరెడు దిగుతుంది. నేలలో పెట్టండి."

నేల మనది కాదే! ఇంటాయనకి ఫోన్ చేశాను. ఎనభై దాటిన ఎమిరాతీ పెద్దమనిషి, హిందీ నాకంటే బాగా మాట్లాడతాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నువ్వు నాలుగేళ్ళుండి పోతావు. అది వందేళ్ళుంటుంది. ఆ తర్వాత నేను కొట్టేద్దామన్నా చట్టం ఒప్పుకోదు. తెలిసే అడుగుతున్నావా?" అన్నాడు. తెలిసే అడుగుతున్నానన్నాను. సాయంత్రం చేతికర్రతో తనే వచ్చి గోడకీ, మురుగు గొట్టానికీ దూరంగా కర్రతో గీత గీసి చూపించాడు. చిన్నప్పుడు కరువు రోజుల్లో లేత గాఫ్ ఆకు చేపతో కలిపి తిన్నామని చెప్పాడు. అమ్మ పక్కనే నిలబడి తల ఊపింది, హిందీ ఒక్క ముక్క రాకపోయినా.

మొదటి ఏడాది వారానికోసారి బకెట్ నీళ్ళు. మొక్క ఉలకదు పలకదు. ఎండిపోయిందేమో అని మా ఆవిడ గోరుతో గీకి చూసేది. లోపల పచ్చగానే ఉండేది. 2022 జులై చివర్లో వానొచ్చింది చూడండి, ఫుజైరా రేవు దగ్గర రెండు రోజుల్లో 255 మిల్లీమీటర్లు. మా సందులో మోకాలి పైకి నీళ్ళు. పద్నాలుగు కుండీల్లో పదకొండు కొట్టుకుపోయాయి, కరివేపాకుతో సహా. నీళ్ళు తీశాక చూస్తే జమ్మి బురదలో ఓ పక్కకి ఒరిగి ఉంది. కర్ర కట్టి నిలబెట్టాను. అప్పట్నుంచీ పెరగడం మొదలుపెట్టింది. ఇప్పుడు నా తల దాటింది, నీళ్ళు నెలకోసారి పోస్తే ఎక్కువ.

ఈ డిసెంబరుకి నా కాంట్రాక్టు అయిపోతోంది. మా ఆవిడ ఏ కుండీ ఎవరికో చీటీలు అంటిస్తోంది. కొత్త కరివేపాకు అజ్మాన్ వాళ్ళకి, తులసి కింది వీధి నెల్లూరు వాళ్ళకి, మల్లె ఇంకా తేలలేదు. అమ్మకి ఫోన్లో చెబితే ఇల్లు గురించి అడగలేదు, సామాన్ల గురించి అడగలేదు. "జమ్మి ఎవరు జూస్తరు?" అంది. ఊళ్ళో గుడి ముందున్న జమ్మి రోడ్డు వెడల్పులో పోయి చాలా ఏళ్ళయింది. దసరాకి ఎక్కడినుంచో కొమ్మ తెచ్చి మట్టిలో గుచ్చి పూజ కానిస్తున్నారు.

ఇంటాయన్ని అడిగాను. "నీ చెట్టు అనుకున్నావా? నాది," అన్నాడు. కొత్తగా అద్దెకొచ్చేవాళ్ళు పెరడంతా సిమెంటు పలకలు పరిపించమంటున్నారట. చెట్టు చుట్టూ నాలుగు గజాలు వదలాలని కాగితంలో రాయిస్తానన్నాడు.

ఫుజైరా, కల్బా వైపు ఉన్న తెలుగువాళ్ళు దసరాకి జమ్మి కావాలంటే ఆ ఇంటికి వెళ్ళొచ్చు, ఆయన ఒప్పుకున్నాడు. గాఫ్ అని అడగండి. గుప్పెడు ఆకు తీసుకోండి గానీ కొమ్మ విరవకండి, ఇంకా చిన్నదే.