యుగంధర్ మళ్ళీ వస్తే

మేముండే లండన్ శివారు లైబ్రరీలో నెలకోసారి పుస్తకచర్చ పెడతారు. మామూలుగా అందరూ మర్యాదగా తలలూపి, టీ తాగి, ఇళ్ళకు పోయే చర్చ. ఆంథొనీ హోరోవిట్జ్ రాసిన 'ద హౌస్ ఆఫ్ సిల్క్' రోజు మాత్రం మర్యాద గాల్లో కలిసిపోయింది. 2011లో వచ్చిన నవల అది. కానన్ డాయిల్ 1930లో పోయాక ఆయన హోమ్స్‌ని చాలామంది వాడుకున్నారు కానీ, ఇది మాత్రం డాయిల్ ఎస్టేట్ ఆమోదముద్ర వేసి వదిలిన కథ. జరిగేది 1890 నవంబరులో. ముసలి వాట్సన్, స్నేహితుడు పోయాక ఒంటరిగా కూర్చుని, నూరేళ్ళదాకా ఎవరూ తెరవకూడదన్న షరతుతో రాసిపెట్టినట్టు నడుస్తుంది.

గొంతు అచ్చుగుద్దినట్టు దించాడని ఒకావిడ మురిసిపోయింది. రిటైరైన లెక్కల మాస్టారొకాయన ఒప్పుకోలేదు. ఇంత రోత నేరాన్ని డాయిల్ చస్తే రాసేవాడు కాదు, కాబట్టి ఇది హోమ్స్ కథ కానేకాదన్నాడు. డాయిల్ రాయలేకపోయాడు గనకనే ఇప్పుడెవరో రాయాలని మూడో పక్షం. నేనూ ఆ పక్షమే. ఆ నేరమేమిటో చెప్పను, చదవబోయేవాళ్ళు నన్ను తిట్టుకుంటారు. హోమ్స్ నడిచిన వీధుల్లోనే, ఆయన కళ్ళముందే జరిగినా ఆనాటి 'స్ట్రాండ్' పత్రిక ఎన్నటికీ అచ్చువేయని సంగతి అని మాత్రం అంటాను. సోఫీ హానా 2014లో పోయిరోకి ప్రాణం పోసిన 'మోనోగ్రామ్ మర్డర్స్' నాకు అంత రుచించకపోవడానికి కారణమూ అదే. 1929 లండన్ ఉంది, మీసాలున్నాయి, హేస్టింగ్స్‌కి బదులు క్యాచ్‌పూల్ అనే కొత్త పోలీసున్నాడు. అగాథా క్రిస్టీ చెప్పకుండా వదిలేసిందేమిటో మాత్రం కనబడలేదు.

ఈ గొడవ బుర్రలో ఉండగానే హైదరాబాదు వెళ్ళాను. ఫిల్మ్‌నగర్‌లో మా బాబాయి ఇల్లు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్‌లో అరగంట నిలబడ్డాక, ఫిల్మ్ ఛాంబర్ దాటి, దైవసన్నిధానం దాటి, సందులోకి మళ్ళితే పాత అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు. బాబాయి ఎడిటింగ్ డిపార్ట్‌మెంట్ మనిషి. వడపళనిలో మూవియోలా మీద వంగి వంగి నడుం పాడుచేసుకుని, పరిశ్రమతోపాటే ఇటు వచ్చాడు. ఆ తరంవాళ్ళ ఇంటికి ఎప్పుడెళ్ళినా మాట మద్రాసులోనే మొదలవుతుంది. మనవడిది వేరే లోకం. వాడు వెబ్ సిరీస్‌లకు రైటర్. రోడ్ నంబర్ 36లో ఏదో కేఫ్‌లో స్టోరీ సిట్టింగ్స్ అంటూ పగలంతా పోతాడు, రాత్రి వచ్చి తాతకి నరేషన్ ఇస్తాడు. తాత ప్రతి లైనుకీ కత్తెర వేస్తాడు.

హోమ్స్ గొడవ చెప్పేసరికి బాబాయి లేచి బీరువా తీశాడు.

"మాకు హోమ్సెవడమ్మా? మాకు యుగంధరే."

కొమ్మూరి సాంబశివరావు నవలలు. 'చీకటికి వేయి కళ్ళు', 'ఉరితాడు', 'లక్షాధికారి హత్య'. మద్రాసులో ఉండే తెలుగు డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, కాత్యాయని, ఎప్పుడూ ఒకడుగు వెనకే ఉండే ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు, ఆ క్రైస్లర్ కారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెంగాలీ పాంచకడి దేవ్ అనువాదాలతో మనకు అపరాధ పరిశోధన అలవాటైంది. ఆ తర్వాత డిటెక్టివంటే మా ఇళ్ళల్లో యుగంధరే.

బాబాయి దగ్గరున్నవి అద్దె లైబ్రరీ మూతబడినప్పుడు తూకానికి కొన్న కాపీలు. అట్ట ఊడిపోతే దబ్బనంతో కుట్టి, పైన బ్రౌన్ పేపరేసి, వెన్ను మీద ఎర్రసిరాతో నంబరు రాశారు. ఒకదాన్ని తెరిచాను. మొదటి పేజీలోనే పెన్సిల్‌తో ఎవరో హంతకుడి పేరు రాసేశారు. దాన్ని ఇంకొకరు నీలిసిరాతో కొట్టేసి, "ముందే చెప్పకురా వెధవా" అన్నారు. మధ్యలో ఒక అంచున "రాజు ఇక్కడ బుద్ధి లేని పని చేశాడు". కిందే మరో చేతిరాత: "నువ్వు చేసి చూపించు". చివర రెండు పేజీలు లేవు. అట్ట లోపలివైపు మాత్రం గుండ్రని అక్షరాలతో, "కథ బాగుంది. స్వరాజ్యరావు గారిని మరీ తెలివితక్కువగా చూపడం భావ్యం కాదు" అని, పేరు లేని సంతకం. పోలీసువారి తాలూకు పాఠకులయ్యుండాలి. లండన్‌లో టీ కప్పులతో మేం చేసిందంతా రోజు అద్దెకు తెచ్చుకున్న ఈ పాఠకులు పెన్సిల్ ముక్కతో చేసేశారు.

మనవడికి మెరుపు మెరిసింది. "తాతా, యుగంధర్‌ని ఇప్పటి హైదరాబాద్‌కి తెచ్చేద్దాం. సైబర్ క్రైమ్. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద ఓపెనింగ్ షాట్."

"నీ మొహం. యుగంధర్ మౌంట్ రోడ్డు వదిలి వస్తే వాడు యుగంధరెందుకవుతాడు?"

మనవడి బాధా నాకర్థమైంది. మన తెరమీద డిటెక్టివంటే ముందు నవ్వించాలి. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవలతో జంధ్యాల తీసిన 'చంటబ్బాయ్'లో చిరంజీవి జేమ్స్ పాండ్, 1986. నెల్లూరు ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ, 2019. ఇంకా నిన్నగాక మొన్న, 2024 క్రిస్మస్‌కి వచ్చిన 'శ్రీకాకుళం షెర్లాక్‌హోమ్స్'. అందులో కథని 1991లో రాజీవ్ గాంధీ హత్య జరిగిన రోజుల్లో పెట్టారు, డిటెక్టివ్‌గా వెన్నెల కిశోర్. ఈ ముగ్గురూ నాకిష్టులే. కానీ యుగంధర్ జోకులెయ్యడు. సూటు వేసుకుని తిరిగే గంభీరమైన మనిషిని ఇవాళ తెరమీద నిలబెడితే ప్రేక్షకుడు పంచ్ డైలాగ్ కోసం ఎదురుచూస్తాడని వాడి భయం.

కాలం మార్చొద్దు, కేసు మార్చండి అన్నాను నేను. అదే వాళ్ళిద్దరూ పట్టుకున్నారు.

బాబాయి వెంటనే లక్ష్మీకాంతన్ కేసన్నాడు. మద్రాసు సినిమావాళ్ళ ఇళ్ళల్లో పిల్లలకి దయ్యం కథలాగా చెప్పిన కేసది. సి.ఎన్. లక్ష్మీకాంతన్ మొదట 'సినిమా తూదు', ఆ తర్వాత 'హిందూ నేసన్' పత్రికలు నడిపాడు. తారల గుట్టుమట్లే సరుకు. ఎవరి గురించి రాస్తాడో, ఎవరి దగ్గర డబ్బు తీసుకుని రాయడో తెలియక స్టూడియోలు వణికేవట. 1944 నవంబరు 8న వేపేరిలో రిక్షాలో పోతుంటే పొడిచారు. మర్నాడు ఆసుపత్రిలో పోయాడు. గాయకనటుడు త్యాగరాజ భాగవతార్‌నీ, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్‌నీ, కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియో శ్రీరాములు నాయుడినీ అరెస్టు చేశారు. నాయుడు బయటపడ్డాడు. మిగతా ఇద్దరికీ యావజ్జీవం. బయట భాగవతార్ సినిమా 'హరిదాస్' మూడు దీపావళులు ఆడుతోంటే ఆయన జైల్లో ఉన్నాడు. కేసు లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళి తిరిగొచ్చి, 1947 ఏప్రిల్లో ఇద్దరినీ నిర్దోషులన్నారు. కృష్ణన్ మళ్ళీ నిలదొక్కుకున్నాడు గానీ భాగవతార్‌కి ఆ వైభవం తిరిగి రాలేదు. మరి పొడిపించిందెవరు? ఈనాటికీ తేలలేదు.

"యుగంధర్‌కి ఇంతకంటే ఏం కావాలే?" అన్నాడు బాబాయి.

"'కాంత' వచ్చేసింది కదా తాతా. మద్రాస్ స్టూడియో, పీరియడ్, మర్డర్. మళ్ళీ అదే లైనంటే ప్రొడ్యూసర్ ఫోనెత్తడు."

"నువ్వు సినిమా గురించి మాట్లాడుతున్నావు. మేం నవల గురించి."

నా లెక్క వేరు. నాకు 1952 డిసెంబరు కావాలి. మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారింట్లో పొట్టి శ్రీరాములు అక్టోబరు 19న మొదలుపెట్టిన నిరాహారదీక్ష యాభయ్యెనిమిదో రోజుకి చేరింది. డిసెంబరు 15 రాత్రి ఆయన పోయారు. శవయాత్రలో ఘంటసాల గారు పాడారని చెప్పుకుంటారు. ఆంధ్ర జిల్లాలు తగలబడ్డాయి, కాల్పులు జరిగాయి. 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామన్నాడు, మద్రాసు మాత్రం ఇవ్వలేదు. ఆ వారంలో ఆ ఊళ్ళో ఒక తెలుగు డిటెక్టివ్ చేతికి హత్యకేసు వస్తే? చచ్చినవాడు అరవ వ్యాపారి, అనుమానం ఒక తెలుగు కార్యకర్త మీద. మద్రాసు మనదేనని అరుస్తున్న తనవాళ్ళ మధ్యనుంచి కారు పోనిచ్చుకుంటూ, అరవ పోలీసుల్ని సాక్ష్యం అడగాలి. నేనెరిగినంతలో యుగంధర్‌ని "మీరెవరి పక్షం?" అని ఎవరూ అడగలేదు. ఆ మద్రాసులో అడక్క తప్పదు. పుట్టిన ఊరొకటి, పొయ్యి వెలిగించిన ఊరొకటి అయినవాళ్ళకి ఆ ప్రశ్న ఎలా గుచ్చుకుంటుందో నాకు కొంచెం తెలుసు.

బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ వారంలో రాత్రి రెండో ఆటకి థియేటర్లు తెరిచున్నాయో లేదో కనుక్కుని రాయి. తప్పు రాస్తే ఈ పేటలో పదిమంది ముసలాళ్ళు ఫోన్ చేస్తారు నీకు" అన్నాడు. నిజమే. ఆ నవలకి అసలు పరీక్షకులు మైలాపూరులో కంటే ఫిల్మ్‌నగర్‌లోనే ఎక్కువున్నారు. ఏ స్టూడియో గేటు ఎటు తిరిగి ఉండేదో, ఏ హోటల్లో కాఫీ ఎలా ఉండేదో నోటికి చెప్పగలవాళ్ళు.

రాయడానికి ఇంకో అడ్డముంది. హోమ్స్ ఇప్పుడు ఊరందరి సొత్తు. అమెరికాలో ఆఖరి కథల హక్కులు కూడా 2023 జనవరితో తీరిపోయాయి. కొమ్మూరి పోయింది 1994లో. మన చట్టం ప్రకారం రచయిత పోయాక అరవయ్యేళ్ళు, అంటే 2054 ఆఖరుదాకా వారసుల అనుమతి లేనిదే యుగంధర్‌ని ముట్టుకోరాదు. మనవడు అప్పుడే ఫోన్ తీసి వారసుల కోసం వెతకడం మొదలెట్టాడు.

అప్పటిదాకా వంటింటి గుమ్మంలో కూర్చుని గోరుచిక్కుడు తుంచుతున్న పిన్ని తలెత్తింది. ఆ బీరువాలోవన్నీ తనూ చదివింది, బాబాయి కంటే ముందు చదివింది.

"ఎవరి పక్షమో తర్వాత చూసుకోండి. ఏ కేసు రాసినా ఈసారి హంతకుణ్ణి కాత్యాయని చేత పట్టించండి. ఎన్నాళ్ళని యుగంధర్ వెనకాల తిరుగుతుందీ?"

"స్వరాజ్యరావు ఒప్పుకోడు" అన్నాడు బాబాయి.

"ఆయన్నెవరడిగారు?"

మనవడు వారసుల్ని వెతకడం ఆపి నోట్స్ తెరిచాడు.